సగం ఈమె నోట, సగం ఆమె నోట

కింది అంతస్తులో ఉండే రష్యా ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పని, ఆవిడ తిప్పిన కుళాయి కట్టేయడం. సింకులో గిన్నె లేదు, కడగాల్సిన ప్లేటు లేదు. ఊరికే తిప్పి వదిలేసి వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను లేచి కట్టేశాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, లేచి మళ్లీ తిప్పింది, ఇంకాస్త ఎక్కువగా. నేను మళ్లీ కట్టేశాను.

"అమ్మమ్మా, ప్లీజ్, ఇది వాళ్లిల్లు" అంది మా మనవరాలు.

"ఎవరిల్లయితే ఏమే? పోయేవి నీళ్లు కావూ?"

అప్పట్లో మా అమ్మాయి వాళ్లు జెర్సీ సిటీలో ఉండేవాళ్లు. పొద్దున్నే కూతురూ అల్లుడూ రైలెక్కి న్యూయార్కు ఆఫీసులకి పోయేవాళ్లు. ఆ ఏడు ఆఫీసుల్లో మనుషుల్ని తీసేస్తున్నారని ఇంట్లో కూడా గొంతు తగ్గించి ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లు. మనవరాలు కాలేజీలో ఉండి చదువుకుంటూ శని ఆదివారాలు వచ్చేది. ఆ పిల్ల డాక్టరీ వద్దంది, కంప్యూటర్లు వద్దంది. రష్యా భాష నేర్చుకుని ఆ పుస్తకాలు చదువుతానంది. వాళ్లమ్మ ఏడ్చి గోల చేసింది. నేనేమీ అనలేదు. ఎందుకంటే మా ఇంట్లో రష్యా పుస్తకాలు కొత్త కాదు.

మా ఆయన ఎర్రజెండా మనిషి. మా బజారుకి పుస్తకాల వ్యాను వచ్చిందంటే అన్నం దగ్గరనుంచి లేచిపోయేవాడు. తెలుగులోకి మార్చిన రష్యా పుస్తకాలు. గట్టి అట్ట, మంచి కాగితం, ధర మాత్రం వేరుశనగల పొట్లమంత. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు చదవడం చేతిలోంచి జారిపోలేదంటే ఆ పుస్తకాల వల్లే. చవగ్గా వచ్చినదాన్ని వాడకుండా వదిలే అలవాటు నాకు లేదు. నెలనెలా రంగుల పత్రిక కూడా వచ్చేది. చదవడం అయ్యాక దాని కాగితాలతో పిల్లల నోటుబుక్కులకి అట్టలు వేసేదాన్ని. మా ఆయన అనేవాడు: "మన మారుమూల ఊరికి, మన భాషలో పుస్తకాలు అచ్చేసి పంపే దేశం, తన జనానికి ఇంకెన్ని పుస్తకాలు ఇస్తుందో ఆలోచించు." నేనేం ఆలోచించలేదు. నిజమే కాబోలనుకున్నాను.

మనవరాలికి ఈ రష్యా ఆవిడ లిఫ్టులో పరిచయం. ఫోనులో రష్యా భాషలో మాట్లాడుతుంటే ఈ పిల్ల పలకరించింది. ఆవిడ టీకి పిలిచింది. మనవరాలు నన్ను కూడా తీసుకెళ్లింది. కుళాయి యుద్ధం ముగిశాక, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మా ఆయన పుస్తకాల సంగతి చెప్పమన్నాను. మనవరాలు చెప్పింది. ఆవిడ నవ్వింది. మంచి నవ్వు కాదు.

"ఏమంటోందే?"

"మీకు పంపించినవి మీరు చదివారు, మాకూ అవే ఇచ్చారు అంటోంది."

"మరి మిగతావి?"

మనవరాలు అడిగింది. ఆవిడ చూపుడు వేలితో తన నుదుటి మీద రెండుసార్లు కొట్టుకుంది. మళ్లీ లేచి వెళ్లి కుళాయి తిప్పింది.

ఇంటికొచ్చాక మనవరాలు నాకు విడమరిచి చెప్పింది. "వాళ్ల కంట్రీలో గోడల్లో మైకులు పెట్టి వినేవాళ్లట అమ్మమ్మా. అందుకని ఇంపార్టెంట్ మాట ఏదైనా చెప్పాలంటే ట్యాప్ ఆన్ చేసి చెప్పేవాళ్లు. ఆ సౌండ్‌లో వాయిస్ వినపడదని."

"ఇది అమెరికా కదే. ఇక్కడెవరు వింటారు?"

"నేనూ అదే అడిగాను. చెయ్యి దానంతటదే ట్యాప్ మీదకి వెళ్తుందట."

"అయితే కింద బకెట్టు పెట్టుకోమను. ఇల్లు తుడుచుకోవడానికైనా పనికొస్తాయి."

ఆ తరవాతి వారాల్లో ఆవిడ సంగతంతా తెలిసింది. ఆవిడకో అన్న ఉండేవాడు. కవి. అచ్చేసే చోట మొదట ఒక పాదం మార్చమన్నారు, తరవాత ఒక పేజీ తీసేయమన్నారు, ఆ తరవాత ఇక తేవద్దన్నారు. అప్పటినుంచి కాగితం మీద ఉంచడం మానేశాడు. చివరగా ఒక పెద్ద కవిత రాశాడు. దాన్ని రెండు ముక్కలు చేశాడు. మొదటి సగం చెల్లెలికి, అంటే ఈవిడకి, నోటికి నేర్పాడు. రెండో సగం పెళ్లానికి నేర్పాడు. నేర్పడం అయ్యాక కాగితాలు పొయ్యిలో పెట్టాడు. ఒకరి సగం ఇంకొకరికి చెప్పకూడదని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. ఎవరినైనా పట్టుకెళ్లి కొట్టినా సగమే బయటికొస్తుంది. మొత్తం దొరికితేనే కదా శిక్ష వేసేది అని అతని లెక్క.

ఆ లెక్క తప్పింది. ఏమీ దొరకకుండానే అతన్ని తీసుకెళ్లారు. ఎక్కడో చలిలో పోయాడు. చెల్లెలికి గ్రంథాలయంలో ఉద్యోగం ఉండేది, పీకేశారు. పెళ్లాం బళ్లో లెక్కల టీచరు, ఆమెని మాత్రం ఉంచారు. ఎందుకుంచారు? అదే ఈవిడ ప్రశ్న. మా వదినే పట్టించింది, అందుకే ఉంచారు అని ఈవిడ నమ్మకం. ఆ రోజునుంచి ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు, ఇద్దరూ అమెరికా వచ్చారు. వదిన బ్రూక్లిన్‌లో సముద్రం పక్కన ఉంటోందని ఈవిడకి తెలుసు. రైలెక్కితే చేరిపోయే దూరం. ఒక్కసారీ వెళ్లలేదు.

"ఇంతకీ ఆ కవిత దేన్ని గురించి?" అని అడిగించాను.

కథ చెప్పడానికి ఆవిడకి భయం లేదు. కథ ఎవరిదైనా కావచ్చు, పదాలు మాత్రం మా అన్నవి అంది. ఒక రైలు గేటు కాపలావాడు. రోజూ తన గేటు ముందు నుంచి తలుపులు బిగించిన వ్యాగన్లు పోతుంటాయి. వాటిని లెక్కపెట్టి జెండా ఊపడం వాడి పని. లోపల ఏముందో అడగడు. అడక్కుండా ఉండటం కూడా ఉద్యోగంలో భాగమే. ఒకనాడు మంచులో కూరుకుపోయి ఒక బండి సరిగ్గా వాడి గేటు దగ్గర ఆగిపోతుంది. చుట్టూ ఎవరూ లేరు. వాడు నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, టోపీ తీసి, వ్యాగను చెక్కకి చెవి ఆనిస్తాడు.

"ఊఁ, ఆనిస్తే?"

"అంతే అమ్మమ్మా. ఆవిడ సగం అక్కడ అయిపోతుంది."

వాడేం విన్నాడో ఈవిడకి తెలియదు. ఒట్టు వేసింది కనుక అన్న బతికుండగా అడగలేదు. అన్న పోయాక అడగడానికి మిగిలింది వదిన ఒక్కతే. యాభై ఏళ్లుగా ఈవిడ ఆ మనిషిని మంచులో చెవి ఆనించి నిలబెట్టి ఉంచింది.

ఆ పదాలు మర్చిపోకుండా ఆవిడ రోజూ ఒకసారి పైకి చదువుకునేది, కుళాయి తిప్పి. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. రోజూనా? బేస్‌మెంట్‌లో బట్టలు ఉతికే గది ఉంది కదా, మిషన్లు ఎలాగూ గడగడలాడుతూ తిరుగుతాయి, ఆ చప్పుడు చాలదా, నా బట్టలు వేసినప్పుడు వచ్చి చదువుకోమను అన్నాను. మనవరాలు నవ్వుతూ చెప్పింది. ఆవిడ నవ్వలేదు. ఆలోచించింది. మర్నాడు నేను బట్టలు వేస్తుంటే వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది. "బాబుష్కా" అని తల ఊపింది. అంటే అమ్మమ్మ అని తరవాత తెలిసింది. నాకంటే పెద్దది, నన్ను అమ్మమ్మ అంటుందా అని మనసులో అనుకున్నాను.

మిషను తిరగడం మొదలుపెట్టాక, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, గుండ్రటి అద్దంలో దొర్లే మా అల్లుడి చొక్కాలని చూస్తూ, మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క తెలియదు. అందుకే నన్ను పక్కన ఉండనిచ్చింది. మనవరాలు కూడా వస్తానంటే, నీకు అర్థమవుతుంది, అర్థమయ్యే చెవి వద్దు అందిట. అంటే గోడకి చెప్పుకున్నట్టు నాకు చెప్పుకుంటోందన్నమాట. రోషం రాకపోలేదు. కానీ బట్టలు అయ్యేదాకా నాకు మాత్రం ఏం పని?

పూజలో పంతులుగారు చదివేది అర్థం కాకపోయినా, ఎక్కడ గొంతు పైకి లేస్తుందో, ఎక్కడ గంట కొడతారో చెవికి అలవాటైపోతుంది. ఇదీ అంతే అయింది. మొదట నడక బరువుగా ఉండేది. తరవాత బండి వచ్చినట్టు గడగడా పోయేది. చివరికి నెమ్మదించి నెమ్మదించి, ఊపిరి పట్టినట్టు ఒక చోట ఆగేది. ఆగాక ఆవిడ చాలాసేపు అద్దంలోకే చూసేది. వినడానికి బాగుందనే అనాలి. మా వైపు పెళ్లిళ్లలో మగపెళ్లివారిని వెక్కిరించే పాటలు పాడేవాళ్లం. అందులో మరీ ఘాటైన చరణాలు మా అత్తగారి ముందు పాడేవాళ్లం కాదు, మింగేసి తరవాతి చరణానికి పోయేవాళ్లం. ఆ మింగినవి ఏమిటో ఇప్పుడు నాకు ఒక్కటీ గుర్తు లేదు. పాడినవన్నీ ఉన్నాయి. అందుకని ఈవిడ రోజూ పైకి చదవడం మంచి పనే అనిపించింది.

చలికాలం మొదలయ్యాక ఆ నడకలో తేడా వచ్చింది. గడగడా పోతూ పోతూ, మళ్లీ వెనక్కి, మొదటి బరువు నడకలోకి వచ్చి పడేది. అక్కణ్నుంచి మళ్లీ బయల్దేరి మళ్లీ అక్కడికే. ఆవిడ అరచేత్తో మోకాలి మీద కొట్టుకునేది. ఒకరోజు చివరిదాకా పోలేదు. మిషను ఆగిపోయింది, ఆవిడ నోరు తెరిచి ఉండిపోయింది.

శనివారం మనవరాలు రాగానే కిందకి తీసుకెళ్లాను. "ఆవిడకి చెప్పు. నీకు అది పోతోంది, ఇవాళ మధ్య ముక్క పోయింది, రేపు మొత్తం పోతుంది. వదిన మీద కోపం తరవాత చూసుకోవచ్చు, ముందు వెళ్లి ఆ మిగతా సగం విను. లేదంటే ఇద్దరూ చెరో సగం మోసుకుని కాటికి పోతారు."

"అమ్మమ్మా! అలా ఎలా చెప్పను? వెరీ రూడ్."

"చెప్పవే."

నేనన్నది అంత పొడుగు. ఆ పిల్ల చెప్పింది నాలుగు మాటలు, అదీ నవ్వు మొహంతో.

"మొత్తం చెప్పావా?"

"చెప్పాను."

"చెప్పలేదు. నువ్వు సగం మింగావు."

రష్యా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత మనవరాలితో ఏదో అంది. మనవరాలి మొహం ఎర్రబడింది.

"ఏమందే?"

"నువ్వు మీ అమ్మమ్మ మాటలు కత్తిరిస్తున్నావు, మొత్తం చెప్పు అంటోంది."

అప్పుడు మొత్తం చెప్పింది. కాటి సంగతితో సహా. ఆవిడ విని, నా వంక చూసి, ఒక్కటే మాట అంది. ఆదివారం.

ఆ ఆదివారం ముగ్గురం రైళ్లు మారి బ్రూక్లిన్ వెళ్లాం. దారిలో ఆవిడ పెదవులు కదుపుతూనే ఉంది. సముద్రం గాలి మొహం కోసేస్తోంది. ముసలివాళ్లకి కట్టిన పెద్ద భవనం, అందులో ఒక గది. వదిన తలుపు తీసింది. సన్నగా, నిటారుగా, చేతికర్రతో. మనవరాలు ముందే ఫోన్ చేసింది కనుక టీ సిద్ధంగా పెట్టింది. బల్ల మీద మూడు కప్పులున్నాయి. ఒకటి తనకి, రెండు మా ఇద్దరికి. ఆడపడుచుకి పెట్టలేదు.

యాభై ఏళ్ల తరవాత కలిసిన మనుషులు. కౌగిలించుకోలేదు, ఏడవలేదు. రష్యా ఆవిడ కోటు కూడా విప్పకుండా నేరుగా వంటగట్టు దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. వదిన వెనకే వెళ్లి కట్టేసింది. ఏదో అంది. మనవరాలు నా చెవిలో చెప్పింది: "ఇక్కడ ఏం వాగినా ఎవరికీ పట్టదు, ఇక్కడ శిక్ష అదే అంటోంది."

రష్యా ఆవిడ నిలబడే తన సగం చదివింది. నాకు తెలిసిన నడకే. మధ్యలో రెండు చోట్ల తడబడి, కళ్లు మూసుకుని, వెనక్కి పోకుండా ఎలాగో దాటింది. మొదటిసారి పదాలు విన్న మనవరాలు నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. గొంతు నెమ్మదించి, నెమ్మదించి, ఆ ఊపిరి పట్టిన చోట ఆగింది.  వదిన తల దించుకుని టీ కలుపుతోంది.

ఆ తరవాత వాళ్లిద్దరూ అనుకున్నది నాకు అక్కడ తెలియలేదు. మనవరాలు చెప్పడం మానేసింది. మోచేత్తో పొడిచినా పలకలేదు. తిరిగొచ్చే రైల్లో కూడా కాదు, రష్యా ఆవిడ పక్కనే ఉంది కదా. ఇంటికొచ్చి, కోటు విప్పకుండా, సోఫాలో కూర్చుని చెప్పింది. అది ఇక్కడే రాస్తాను.

"ఇప్పుడు నీది చెప్పు" అందిట ఈవిడ.

"నా దగ్గర లేదు."

"దాచుకున్నావు."

"దాచుకోలేదు. పారేశాను."

పోలీసులు వదినని వారం వారం పిలిచేవాళ్లట. కొట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నిద్రపోనిచ్చేవాళ్లు కాదు. ఆ కవిత చెప్పు, ఇంటికి పో, ఇదే మాట. 'నా సంగతి నాకు తెలుసు' అందిట వదిన. 'నేను ధైర్యస్తురాలిని కాదు. బుర్రలో ఉంటే ఏదో ఒకరోజు నోట్లోంచి వస్తుంది. అందుకని బుర్రలో లేకుండా చేసుకున్నాను. ఒక పాదం గుర్తొచ్చినప్పుడల్లా దాని మీద ఎక్కాలు చదివాను. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం. పాదం పైకి రాబోతే ఎక్కం. నిద్రలో వస్తే లేచి కూర్చుని ఎక్కం. గిన్నెకి పట్టిన మసి తోమినట్టు తోమాను. పోయింది. నాకేమీ తెలియదని వాళ్లకి చెప్పినప్పుడు అది నిజమే, అందుకే నమ్మారు. అందుకే నా ఉద్యోగం నిలిచింది.'

"కథైనా చెప్పు. వాడు ఏం విన్నాడు?"

"కథ చెబితే చాలు వాళ్లకి. కథ కూడా పోగొట్టాలి కదా."

"ఆలోచించు."

వదిన కళ్లు మూసుకుందిట. అది నాకూ గుర్తుంది. పెదవులు కదులుతుంటే, అమ్మయ్య, వస్తోంది అనుకున్నాను నేను. ఆవిడ వల్లిస్తున్నది అంకెలట.

అప్పుడు మా రష్యా ఆవిడ ఒక మాట అంది. 

"నువ్వు పట్టించి ఉండాల్సింది. వాళ్లు ఒక్క కాగితం ముక్క పారేసేవాళ్లు కాదు. ఆ రాజ్యం పోయాక పోలీసుల బీరువాలు తెరిచారు, మనుషులు వెళ్లి అడిగి తెచ్చుకున్నారు. నువ్వు మా అన్నని అమ్మేసి ఉంటే ఆ సగం ఇవాళ ఉండేది. నువ్వు అమ్మేశావనే ఆశతోనే నేను ఇన్నేళ్లూ బతికాను."

 వదిన కప్పులు తీసి సింకులో పెట్టింది.

చిరిగిన చీరతో బొంత కుట్టుకునేదాన్ని నేను, అరిగిన సబ్బు ముక్క కొత్త సబ్బుకి అతికించేదాన్ని. ఆ రోజు ఆ వదినని చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. సంగతి తెలిశాక మాత్రం అన్నం తినబుద్ధి కాలేదు. మొగుడి మాటని మసిలా తోమి పారబోసింది. అదీ మొగుడిని కాపాడటానికి. కాపాడనూ లేకపోయింది.

"ఆవిడది తప్పా అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు.

"పోలీసుల ముందు కూర్చోలేదు నేను. నాకేం తెలుసు" అన్నాను.

ఆ తరవాత రష్యా ఆవిడ బట్టల గదికి రావడం మానేసింది. నేనే రెండుసార్లు వెళ్లి తలుపు కొట్టాను, తీయలేదు. లోపల కుళాయి చప్పుడు కూడా లేదు. ఒక శనివారం తనంతట తనే మా ఇంటికొచ్చింది. మంచి గౌను వేసుకుంది, జుట్టు దువ్వుకుంది. మనవరాలితో, నీ మాటలు పట్టే మిషను తీసుకురా, రికార్డు చేసుకో అంది. అప్పటిదాకా ఆ మిషను పేరెత్తితే బయటికి పొమ్మనేది. మనవరాలు సంతోషంతో పరుగెత్తి తెచ్చింది.

ఆవిడ సోఫాలో కూర్చుని చదివింది. ఈసారి తడబడలేదు. బరువు నడక, బండి నడక, ఊపిరి పట్టిన చోటు. అక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ముందుకు పోయింది. కొత్త నడక. ఎక్కడా తడుముకోకుండా, చప్పట్లు కొట్టుకుంటూ పోయే నడక. మా ఆయన వినే రేడియోలో కార్మికుల దినం నాడు వచ్చే పాటల్లా ఉంది. నాకు మాట తెలియకపోయినా అది ఆ అన్నది కాదని చెవికి తెలిసింది. మనవరాలికి మాట కూడా తెలుసు కనుక మొహం పాలిపోయింది.

అయ్యాక అడిగాను. "ఏముంది అందులో?"

"గోధుమలు, అమ్మమ్మా. వాడు చెవి పెడితే లోపల గోధుమ గింజలు కదిలే సౌండ్ వస్తుంది. దేశం మొత్తానికి బ్రెడ్ వస్తుందని హ్యాపీగా జెండా ఊపుతాడు."

రష్యా ఆవిడ మా మొహాలు చూసి నవ్వింది. ఆ మొదటి రోజు నవ్వే. "మా అన్న ఇలా రాసి ఉంటే బతికేవాడు. బహుమతి ఇచ్చేవాళ్లు. మీ అమ్మమ్మ ఊరికి కూడా పంపేవాళ్లు, వాళ్ల భాషలో, మంచి కాగితం మీద."

"ఇది మీరు రాసింది. ఇది నేను డిలీట్ చేస్తాను" అంది మనవరాలు. కళ్లలో నీళ్లు.

"కత్తెర నీకు కూడా ఇచ్చారా?" అంది ఆవిడ. "ఉంచితే మొత్తం ఉంచు, మా అన్న పేరు మీదే. తీస్తే మొత్తం తీసెయ్. సగం మోయడం నాకు చాలు."

మనవరాలు నా వైపు చూసింది. కత్తిరించనని మాట ఇవ్వమన్నాను. ముసలావిడ తన సొత్తు తాను తగలేసుకుంటానంటే అడ్డుకోవడానికి మనమెవరం? మనవరాలు మాట ఇచ్చింది. ఆవిడ లేచి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

ఎండలు రాకముందే ఆవిడ పోయింది. కొడుకట, ఎక్కడో దూరంగా ఉంటాడు, వచ్చి ఇల్లు ఖాళీ చేశాడు. కుర్చీలూ, పుస్తకాలూ, వంటపాత్రలూ చెత్త తీసుకెళ్లే చోట పెట్టేసి వెళ్లాడు. మంచి ఇనప మూకుడు ఒకటి ఉంటే నేను తెచ్చుకున్నాను.

తరవాత మనవరాలు ఆ రికార్డు పట్టుకుని వదిన దగ్గరికి వెళ్లింది. ఎందుకు వెళ్లావే అంటే, ఆడపడుచు పోయిందని చెప్పాలి కదా, ఆవిడ గొంతు వినిపిద్దామని అంది. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో నా పక్కన నిలబడింది. నేను చపాతీలు కాలుస్తున్నాను.

"వినిపించాను అమ్మమ్మా. మొత్తం."

"గోధుమలు కూడానా?"

"మధ్యలో ఆపుదామనుకున్నాను. కానీ ఆవిడ నా హ్యాండ్ పట్టుకుంది. గోధుమలు వచ్చేసరికి ఏడ్చేసింది. 'ఇదే, ఇదే, ఇదే మా ఆయన రాసింది, నాకు గుర్తొచ్చింది' అంది. మళ్లీ పెట్టించుకుంది. మూడోసారి మెషీన్‌తో పాటు తనే చెప్పేసింది. ఒక్క నంబర్ కూడా రాలేదు అమ్మమ్మా."

నేను పొయ్యి కట్టేశాను.

"నిజం చెప్పావా?"

"ఎలా చెప్పను? ఎంత హ్యాపీగా ఉందో తెలుసా?"

"ఆ మనిషి దేనికోసం చచ్చాడో దానికి సరిగ్గా తలకిందులుగా ఉంది ఆ ముక్క. అది ఆయనదేనని ఆవిడ అనుకుంటూ పోవాలా? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

"చెప్పను."

"చెప్పమంటున్నానా!"

"చెప్పను, అమ్మమ్మా. నేను చెప్పను."

ఆ పిల్ల నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. నాలుగు తిట్టాను. నిలబడి విన్నది, కదల్లేదు.  బల్ల మీద ఫోను ఉంది. వదిన నంబరు గోడ మీద అతికించిన కాగితంలోనే ఉంది, తీసి నొక్కడం నాకూ వచ్చు. నొక్కాక ఏ భాషలో చెప్పను?